అంచున ఉన్న గ్రాము నిజంగా ఎంత బరువు?

వారం పొడవునా ఒంటరిగా సాధన చేసి, ఆదివారం ఉదయం జట్టుతో కలిసి గంటకు 35 కిలోమీటర్లకు తగ్గకుండా తొక్కే ఒక పాఠకుడు, తన రోడ్డు సైకిలుకు 300 గ్రాములు తేలికైన కొత్త చక్రాల జత కొనాలా వద్దా అని అడిగారు. జట్టు ఒక్కసారిగా వేగం పెంచినప్పుడల్లా తాను వెనకబడుతున్నాననీ, చక్రం అంచున తగ్గే ఒక గ్రాము ఫ్రేములో తగ్గే పది గ్రాములకు సమానమని తోటివారు గట్టిగా చెబుతున్నారనీ రాశారు. సైకిలు తొక్కేవారిలో ఇంతగా పాతుకుపోయిన నమ్మకం మరొకటి లేదు. అందులో నిజం ఎంత ఉందో ఒక కాగితం మీద తేల్చవచ్చు కనుక, మిగిలిన విషయాలకంటే ముందు దాన్నే తీసుకుంటాను.

రిమ్ మీద ఒక చిన్న ముక్కను ఊహించుకోండి. సైకిలుతో పాటు అది ముందుకు సాగుతుంది కనుక ½mv² గతిశక్తి దానికి ఉంటుంది. అదే సమయంలో అది ఇరుసు చుట్టూ తిరుగుతోంది. జారకుండా దొర్లే చక్రంలో అంచు తిరిగే వేగం సైకిలు వేగానికి సరిగ్గా సమానం, చక్రం పెద్దదైనా చిన్నదైనా ఇందులో మార్పు లేదు. కాబట్టి తిరగడం వల్ల మరో ½mv² చేరి మొత్తం mv² అవుతుంది. అంటే అంచున ఉన్న గ్రాము రెండు గ్రాములతో సమానం, అంతకు మించే దారి లేదు. ఆ రెండు రెట్లయినా నేలను తాకే టైరు పొరకే పూర్తిగా వర్తిస్తుంది. రిమ్‌కు కాస్త తక్కువ, చక్రం నడిమి భాగమైన హబ్ నుంచి అంచు దాకా పరుచుకున్న పుల్లలకు (స్పోకులకు) సుమారు 1.33 రెట్లు, హబ్‌కు దాదాపు ఒక్క రెట్టే. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో వలయం జడత్వ భ్రామకం, అంటే దాన్ని తిప్పడం ఎంత కష్టమో చెప్పే కొలత, MR² అని మనందరి చేతా రాయిస్తారు. ఆ సూత్రాన్ని తరగతి గది బయట నిలబెట్టిన సైకిలుకు ఒక్కసారి అన్వయించి చూపించి ఉంటే, ఈ పది రెట్ల మాట పుట్టేదే కాదు.

ఇప్పుడు అంకెలు వేద్దాం. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుంటే, వేగం గంటకు 30 నుంచి 40 కిలోమీటర్లకు పెరగడానికి సుమారు 2,160 జౌళ్ల శక్తి కావాలి. చక్రాల అంచున 300 గ్రాములు తగ్గితే అందులో ఆదా అయ్యేది 16 జౌళ్లు. ఆ వేగం అందుకోవడానికి 10 సెకన్లు పడితే, కాళ్లు సగటున 216 వాట్లు పెట్టాల్సిన చోట తేలిక చక్రాలు మిగిల్చేది 1.6 వాట్లు. ఆ 10 సెకన్లలోనే గాలి ఏం చేస్తుందో చూడండి. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన సామర్థ్యం వేగపు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. బ్రేకు లివర్ల మీద చేతులు ఉంచి ఒంటరిగా తొక్కే సగటు మనిషికి 30 వద్ద సుమారు 110 వాట్లు చాలితే, 40 వద్ద 260 వాట్ల దాకా కావాలి. మన పాఠకుడు వెనకబడుతున్నది అక్కడే: ముందున్న చక్రానికీ తనకూ మధ్య రెండు మీటర్ల ఖాళీ ఏర్పడగానే, అప్పటిదాకా జట్టు ఆపిన గాలి ఆయన ఛాతీ మీదికి వస్తుంది.

ఒక్కసారికి తక్కువే కావచ్చు, కానీ గంటలో ఇరవైసార్లు వేగం పెంచాలి కదా అని వాదించేవారు ఉన్నారు. ఇరవైసార్లకు కలిపి 320 జౌళ్లు, గంట మీద పరిస్తే వాట్‌లో పదో వంతు కూడా కాదు. పైగా చక్రంలో చేరిన శక్తి ఎక్కడికీ పోదు. తొక్కడం ఆపగానే బరువైన చక్రం దాన్ని తిరిగి ఇస్తూ కాస్త ఎక్కువ దూరం తీసుకువెళుతుంది. బ్రేకు వేసినప్పుడు మాత్రమే అది వేడిగా మారి నష్టమవుతుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు వేగం నిలకడగా ఉంటుంది కనుక అక్కడ అంచున ఉన్న గ్రాముకు రెట్టింపు లెక్క కూడా లేదు, అది ఒక గ్రామే. నిలువున 500 మీటర్లు ఎక్కే దారిలో, 250 వాట్లు పెట్టగల మనిషికి ఆ 300 గ్రాములు మిగిల్చేది ఆరు సెకన్లు.

అయితే డబ్బు దేని మీద పెట్టాలి? ముందుగా టైర్ల మీద. దొర్లేటప్పుడు టైరు ఎంత అడ్డుపడుతుందో చెప్పే దొర్లుడు నిరోధ గుణకం మంచి వేగపు టైరుకు 0.004 దాకా ఉంటే, పంక్చరు కాకుండా మందంగా చేసిన సాధన టైరుకు 0.007 దాకా ఉండవచ్చు. 80 కిలోల బరువుతో గంటకు 30 కిలోమీటర్ల వద్ద ఈ తేడా దాదాపు 20 వాట్లు, అదీ ప్రతి సెకనూ. కంకర తేలిన మన రోడ్లపై గాలి బిగుతుగా కొట్టిన సన్నని టైరు ప్రతి గతుకుకూ మనిషిని ఎగరేస్తుంది, ఆ శక్తి కండరాల్లో వేడిగా పోతుంది. అందుకే 28 మిల్లీమీటర్ల టైరు, దానికి తగిన 21 మిల్లీమీటర్ల లోపలి వెడల్పు ఉన్న రిమ్ మంచివి. టైరును పట్టుకునే కొక్కెపు అంచు లేని రిమ్ కొనేవారు మాత్రం, దాంట్లో 5 బార్లకు, అంటే సుమారు 72 పీఎస్ఐకి మించి గాలి కొట్టకూడదని గుర్తుంచుకోవాలి. బరువైన మనిషి ఆ హద్దులోనే ఉండాలంటే వెడల్పైన టైరే వాడాలి.

రిమ్ లోతు, అంటే టైరు వైపు నుంచి హబ్ వైపుకు దాని ఎత్తు, విషయంలో నా అభిప్రాయం 35 నుంచి 50 మిల్లీమీటర్ల మధ్య ఆగడమే. జట్టుకు ముందుండి గాలిని చీల్చేటప్పుడు లోతైన రిమ్ కొన్ని వాట్లు మిగులుస్తుంది కానీ, ఇంకొకరి వెనుక దాగినప్పుడు ఆ లాభం బాగా తగ్గిపోతుంది. పక్క నుంచి వీచే గాలి మాత్రం ముందు చక్రాన్ని పట్టుకుని హ్యాండిల్‌ను తిప్పేస్తుంది. పక్కవాడి మోచేతికి మూరెడు దూరంలో తొక్కేటప్పుడు అది ప్రమాదం.

రోజూ వాడే చక్రానికి అసలు పరీక్ష పుల్లల దగ్గర ఉంది. ఎడ్లబండి చక్రంలో నేలవైపు ఉన్న ఆకు బరువును నొక్కుడుగా మోస్తుంది. సైకిలు పుల్ల అలా మోయలేదు, నొక్కితే వంగిపోతుంది. అందుకే అన్నిటినీ ముందే బిగించి ఉంచుతారు. బరువు పడినప్పుడు కింది పుల్లల బిగువు కొంత సడలుతుంది, ఆ సడలడమే బరువు మోయడం. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు కనుక కిలోమీటరుకు దాదాపు 475 సార్లు ప్రతి పుల్లా సడలి బిగుస్తుంది. 100 కిలోమీటర్లకు అది 47 వేలు దాటుతుంది. మొదటి బిగువు చాలకపోతే పుల్ల పూర్తిగా వదులై, దాన్ని రిమ్‌కు బిగించే చిన్న నట్టు (నిపుల్) మెల్లగా తిరిగిపోయి, రిమ్ బెండు వస్తుంది. గేర్ల చక్రాలకు చోటు ఇవ్వడానికి వెనుక చక్రంలో కుడివైపు పుల్లలు నిటారుగా నిలబడతాయి కనుక ఎడమవైపు వాటికి బిగువు ఎప్పుడూ తక్కువే, ముందుగా వదులయ్యేవి అవే. కొనేముందు ఒకే పక్కన ఉన్న పుల్లలను వేలితో వరుసగా మీటి చూడండి. శబ్దం ఒకే స్థాయిలో వినిపించాలి, ఒకటి మొద్దుగా మోగితే దాని బిగువు తగ్గినట్టే.

ఇరవై పుల్లల చక్రంలో ఒక్కటి తెగితే రిమ్ ఒరిగి బ్రేకుకో ఫ్రేముకో రాసుకుంటుంది. ఇరవై ఎనిమిది ఉంటే అదే చక్రం మీద ఇంటికి చేరవచ్చు. పాఠకుడికి నా సలహా ముందు 24, వెనుక 28 పుల్లలున్న మామూలు అల్యూమినియం జత. పుల్లలు ఏ సైకిల్ షాపులోనైనా దొరికే వంపు తల రకం కావాలి. మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఒకసారి బెండు తీయించి, రెండు పక్కల పుల్లల పొడవులూ కాగితం మీద రాయించుకుని, ఒక్కో పొడవులో రెండేసి అదనంగా కొని ఉంచుకోవాలి.