వేగిస గ్లాసు: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో ఆయుర్వేద ప్రాక్టీసు చేస్తున్న నన్ను షుగర్ పేషెంట్లు పదే పదే అడిగేది వేగిస చెక్క గ్లాసు గురించే. నల్లమలలో పెరిగే ఈ చెట్టునే పెద్దేగి అని కూడా అంటారు. చేవ గట్టిది కాబట్టి ద్వారబంధాలకు, ఎడ్లబండ్లకు వాడేవాళ్లు. ఆకు పశువులకు మేత. చెట్టు మంచిదే, దాని పేరు మీద సాగే ప్రచారంతోనే నాకు టెన్షన్.

అపోహ: రాత్రి గ్లాసులో నీళ్లు పోసి పొద్దున్నే తాగితే షుగర్ మాత్రలు మానేయొచ్చు.

వాస్తవం: మానకూడదు. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకు ఇన్సులిన్ ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. వేగిసకు గుణం లేదని నేననను. పాత ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయంలోని అసనాది గణం అనే మూలికల జాబితా ప్రమేహానికీ (షుగర్ లాంటి మూత్ర సంబంధ జబ్బులకూ) చెప్పిందే, అందులో మొదటి పేరైన అసనం అంటే వేగిసే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా దీన్ని పరీక్షించి 1998లో ఫలితాలు ప్రచురించింది. చాలామందికి షుగర్ అదుపులోకి వచ్చింది. అయితే వాళ్లంతా టైప్ 2 కొత్తగా బయటపడినవాళ్లు. కొలిచిన మోతాదులో, డాక్టర్ల కనుసన్నల్లో మందు తీసుకున్నారు. మీ గ్లాసులో ఎంత సారం దిగిందో ఎలా కొలుస్తారు? వాడేకొద్దీ అది తగ్గిపోతుంది కూడా.

మాత్రలతో పాటు ఈ నీళ్లూ తాగుతుంటే ఆ సంగతి మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. షుగర్ మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే ముందు కాస్త పంచదార నోట్లో వేసుకుని, వెంటనే టెస్ట్ చేయించుకోండి.

అపోహ: నీళ్లలో నీలి మెరుపు కనిపిస్తే అసలు సరుకే.

వాస్తవం: ఎండలో పట్టి చూస్తే వేగిస నీళ్లు గోధుమ రంగు మీద నీలంగా మెరిసే మాట నిజమే. దాని దగ్గరి జాతి చెట్టు నర్రా కలప కూడా అలాగే మెరుస్తుంది. కాబట్టి మెరుపు చూసి డబ్బులు పెట్టకండి. గ్లాసును రోజూ ఎండబెట్టకపోతే బూజు పట్టే ప్రమాదమూ ఉంది.

అపోహ: ఎర్రచందనం గ్లాసూ అంతే.

వాస్తవం: కాదు. బంధువులే కానీ వేర్వేరు చెట్లు.

అపోహ: వేగిసలో ఏ భాగమైనా షుగర్‌కు పనికొస్తుంది.

వాస్తవం: షుగర్‌కు వాడుకలో ఉన్నది చేవ. బెరడుకు గాటు పెడితే కారే ఎర్రటి బంక బాగా వగరు. దాన్ని విరేచనాలు కట్టడానికి వాడతారు, కాబట్టి మలబద్ధకం ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు.