కువైట్‌లో ఉన్న రాయచోటి ఓటు

2024 అసెంబ్లీ ఎన్నికల్లో రాయచోటిలో గెలుపోటముల మధ్య తేడా సుమారు రెండున్నర వేల ఓట్లు. ఆ ప్రాంతం తెలిసినవాళ్లకు ఈ అంకె వినగానే కువైట్ గుర్తొస్తుంది. పని కోసం అక్కడికి వెళ్లిన ఊరివాళ్లంతా వచ్చి ఓటు వేసి ఉంటే ఫలితం మారేదా అన్నది ఎవరూ తేల్చలేని మాట. కానీ అసలు వాళ్లకు ఓటు ఉందా, ఉంటే ఉన్నచోటి నుంచే ఎందుకు వేయలేకపోతున్నారు అన్నదానికి మాత్రం డెబ్బై ఏళ్లు దాటిన కథ ఉంది.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటును ఊరికి కట్టేసింది. నియోజకవర్గంలో ‘సాధారణ నివాసి’ అయితేనే జాబితాలో పేరు. మినహాయింపు సైనికులకు, విదేశాల్లోని మన రాయబార కార్యాలయాల్లో పనిచేసే ప్రభుత్వ ఉద్యోగులకు. వాళ్లు ఎక్కడున్నా సొంతూరి ఓటర్లే, పోస్టల్ బ్యాలెట్ ఇంటి అడ్రసుకు కాదు, పనిచేసే చోటికే పోతుంది. పొట్టకూటికి దేశం దాటేవాళ్లు లక్షల్లో ఉంటారని ఆ రోజుల్లో ఎవరూ అనుకోలేదు, అందులో తప్పుపట్టేదీ లేదు. 1970ల్లో చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో పనులు మొదలయ్యాక కథ మారింది. వాన మీద నమ్మకం లేని ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట, బద్వేలు వైపు నుంచి జనం కువైట్ దారి పట్టారు. మగవాళ్లు డ్రైవర్లుగా, ఆడవాళ్లు ఖాదిం వీసా (ఇంటిపనివాళ్లకిచ్చే వీసా) మీద ఇళ్లలో పనికి.

ఆరు నెలలకు మించి ఇంట్లో లేకపోతే పేరు తీసేయడం అప్పటి పద్ధతి. కాగితం మీద పద్ధతి అది. ఊళ్లో జరిగేది వేరు. జాబితా సవరణకు వచ్చిన మనిషి గడపలో నిలబడి ‘ఫలానా ఆమె ఉందా?’ అని అడిగితే, అత్త ‘ఉంది, రేపో మాపో వస్తుంది’ అంటుంది. పేరు అలాగే ఉండిపోతుంది. అదే మనిషి ఇల్లు తాళం వేసి ఉన్నప్పుడు వస్తే, లేదా గిట్టనివాళ్లెవరో ఫారం-7 (జాబితా నుంచి పేరు తీసేయమనే దరఖాస్తు) పెడితే, పేరు పోతుంది. 2019 ఎన్నికల ముందు రాష్ట్రంలో ఫారం-7లు కుప్పలు తెప్పలుగా దాఖలై పోలీసు కేసుల దాకా వెళ్లిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. దూరాన ఉన్న మనిషి పేరు తీయించడం అన్నిటికంటే తేలిక. నోటీసు వచ్చినా జవాబు చెప్పుకోవడానికి మనిషి ఉండదు కదా.

ప్రవాసులకు ఓటు కావాలన్న డిమాండు 2006లో ఒక బిల్లుగా రాజ్యసభకు వచ్చింది, స్థాయీ సంఘానికి వెళ్లింది, అక్కడే చిక్కుకుంది. 2010లో మరో బిల్లు పెట్టి ఆమోదించారు. అలా వచ్చిన 20ఏ సెక్షన్ 2011 ఫిబ్రవరి 10 నుంచి అమల్లో ఉంది. చదువుకో, ఉద్యోగానికో, మరో పని మీదో విదేశంలో ఉన్న భారత పౌరుడు, మరో దేశ పౌరసత్వం తీసుకోకపోతే, పాస్‌పోర్టులో ఉన్న స్వదేశీ చిరునామా ఏ నియోజకవర్గంలో ఉంటే అక్కడ ఓటరుగా చేరవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చేది) పెట్టుకున్నవాళ్లకు ఈ హక్కు లేదు.

దరఖాస్తు ఫారం-6ఏ. ఆన్‌లైన్‌లో పంపవచ్చు. ఫొటో, పాస్‌పోర్టులో వివరాలున్న పేజీలు, వీసా పేజీ జతచేయాలి. బూత్ స్థాయి అధికారి పాస్‌పోర్టులోని చిరునామాకు వచ్చి ఇంట్లోవాళ్లను విచారిస్తాడు. పేరు ఆ బూత్ జాబితాలో చివర ‘ప్రవాస ఓటర్లు’ అన్న భాగంలో చేరుతుంది. ఆడవాళ్లకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. పెళ్లికి ముందు తీసుకున్న పాస్‌పోర్టులో పుట్టినింటి చిరునామా బద్వేలుదైతే, కాపురం, పిల్లలు, రేషన్ కార్డు అన్నీ రాయచోటిలో ఉన్నా ఓటు మాత్రం బద్వేలులోనే.

అసలు మెలిక ఆ తర్వాత. ప్రవాస ఓటరుకు ఓటరు గుర్తింపు కార్డు ఇవ్వరు, పాత కార్డు ఉంటే అప్పగించాలి. పోలింగ్ రోజు అసలు పాస్‌పోర్టు చేతబట్టుకుని సొంత బూత్‌కు మనిషే రావాలి. తిరిగొచ్చి ఊళ్లో స్థిరపడ్డాక మళ్లీ మామూలు ఓటరుగా ఫారం-6 పెట్టుకోవాలి. ఇంత చేసినందుకు అదనంగా దక్కేది ఏమిటి? ఏమీ లేదు. చేతిలో ఉన్న కార్డు పోతుంది, టికెట్ ఖర్చు అలాగే ఉంటుంది. పాత జాబితాలో పేరు నిలిచి ఉన్నంతకాలం గల్ఫ్‌వాళ్లు ఈ ఫారం జోలికి పోకపోవడాన్ని నిర్లక్ష్యం అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. చట్టం మాట వేరే, పాత ఎంట్రీలో కొనసాగడం సరైన దారి కాదు. కానీ లెక్కలేసుకున్న మనిషి చేసే పని అది.

అంకెలూ అదే చెబుతాయి. 2014లో దేశం మొత్తం మీద ప్రవాస ఓటర్లు సుమారు 12 వేలు. 2024 నాటికి 1.19 లక్షలు. వాళ్లలో వచ్చి ఓటేసింది మూడు వేల లోపే, అందులోనూ అత్యధికులు కేరళవాళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనవాళ్లు ఎనిమిది వేలకు కొంచెం తక్కువ, వేసినవాళ్లు రెండు వందల లోపు. మన దగ్గర పోలింగ్ పడింది మే 13, సోమవారం. కువైట్‌లో ఇంటిపని ఒప్పందం మామూలుగా రెండేళ్లది. మధ్యలో ఓటు కోసం పంపమంటే కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, నవ్వుతాడు.

‘రాలేనివాళ్ల సంగతేంటి?’ అని కోర్టుకెక్కినవాళ్లలో లండన్‌లో ఉండే తెలుగువాడు నాగేందర్ చిందం ఒకరు, యూఏఈలో స్థిరపడిన కేరళ డాక్టర్ షంషీర్ వయాలిల్ మరొకరు. సుప్రీంకోర్టులో కేసు నడుస్తుండగా ఎన్నికల సంఘం వేసిన కమిటీ రెండు దారులు చూపింది. ఒకటి ప్రాక్సీ, అంటే ఊళ్లో ఉన్న మరొకరు మీ బదులు ఓటేయడం. రెండోది బ్యాలెట్‌ను ఆన్‌లైన్‌లో పంపితే ప్రింటు తీసి, గుర్తుపెట్టి, పోస్టులో తిప్పి పంపడం. కేంద్రం ప్రాక్సీని ఎంచుకుని 2017 డిసెంబరులో బిల్లు తెచ్చింది. 2018 ఆగస్టులో లోక్‌సభ దాటింది. రాజ్యసభలో చర్చకే రాలేదు, 2019లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. దాని మీద పెద్దగా బెంగపడాల్సింది లేదనిపిస్తుంది. మన ఊళ్లలో కోడలి ఓటు మామ చేతికిస్తే ఎవరికి పడుతుందో అందరికీ తెలుసు.

రెండో దారి సైనికులకు 2016 నుంచే ఉంది. 2020 నవంబరులో, దాన్ని ప్రవాసులకూ ఇవ్వడానికి సాంకేతికంగా సిద్ధమేనని ఎన్నికల సంఘం న్యాయశాఖకు రాసింది. మరుసటి ఏడాది కేరళ, తమిళనాడు, బెంగాల్ ఎన్నికల్లోనే మొదలుపెట్టొచ్చంది. ఓటరు సంతకాన్ని రాయబార కార్యాలయంలో ధ్రువీకరించాలి కాబట్టి అక్కడికి వేలమంది వస్తారు, గల్ఫ్ దేశాల్లో అలా జనం గుమిగూడాలంటే ఆ ప్రభుత్వాల అనుమతి కావాలి. అందుకే మొదట అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో పెట్టి గల్ఫ్‌ను పక్కన ఉంచుతారని వార్తలొచ్చాయి. కేరళ ప్రవాసులు భగ్గుమన్నారు. చివరికి ఎవరికీ రాలేదు. 2022 నవంబరులో, కేంద్రం మార్గాలు చూస్తోందని అటార్నీ జనరల్ చెప్పడంతో సుప్రీంకోర్టు ఆ పిటిషన్లను ముగించింది.

గల్ఫ్‌లో కుదరదన్న మాట పూర్తిగా నిలవదు. ఫిలిప్పీన్స్ 2003లో చట్టం చేసి 2004 ఎన్నికల నుంచే విదేశాల్లోని తన పౌరులతో ఓటు వేయిస్తోంది, గల్ఫ్‌లోని తన రాయబార కార్యాలయాల్లో కూడా. 2025లో ఆన్‌లైన్ ఓటింగూ పెట్టింది. కువైట్‌లో ఒకే ఇంట్లో ఫిలిప్పీన్స్ అమ్మాయి, రాయచోటి అమ్మాయి కలిసి వంటింట్లో పనిచేస్తుంటారు. మనీలాలో ఎవరు గెలవాలో మొదటామె ఫోన్‌లోనే తేల్చగలదు. రెండో ఆమెకు రాయచోటి దాకా రావడానికి విమానం టికెట్ కావాలి.

జనాభా లెక్కన చూసినా మనవాళ్లది చిన్న గుంపేం కాదు, కువైట్‌లో భారతీయులు సుమారు పది లక్షలు. రాష్ట్రంలో పెద్ద పార్టీలకు గల్ఫ్ విభాగాలున్నాయి. ఎన్నికలొస్తే అక్కడివాళ్లకు ఫోన్లు పోతాయి, ‘ఇంట్లోవాళ్లకు చెప్పి ఓటేయించు’ అని. నీ ఓటు సంగతేంటని ఆ ఫోన్లో అడిగేవాళ్లు అరుదు.