ముఖంపై ఎర్ర నరాలు, లేజర్ చికిత్స: అపోహలు - వాస్తవాలు

ముక్కు పక్కన, బుగ్గల మీద సన్నని ఎర్ర గీతలు కనబడితే మా అనంతపురంలో "నరాలు తేలినాయి" అంటారు. అవి నరాలు కావు, చర్మం పైభాగంలో వెడల్పైపోయి మళ్లీ ముడుచుకోలేని సూక్ష్మ రక్తనాళాలు. గాజు పలకతో నొక్కితే ఆ గీత మాయమవుతుంది, వదలగానే రక్తంతో నిండుతుంది.

అపోహ: లేజర్‌తో ఆ నాళాలను కాల్చేస్తే ముఖానికి రక్తం అందదు.

వాస్తవం: చర్మాన్ని పోషించే నాళాలు వేరే ఎన్నో ఉన్నాయి. లేజర్ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చుకుని వేడెక్కడంతో ఆ నాళం మాత్రమే మూసుకుపోతుంది, దాన్ని శరీరమే మెల్లగా తొలగిస్తుంది. ఈ సూత్రాన్ని అమెరికా పరిశోధకులు ఆండర్సన్, పారిష్ 1983లో వివరించారు.

అపోహ: చామనఛాయ చర్మానికి లేజర్ పనికిరాదు.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. 532, 595 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్ కాంతిని హిమోగ్లోబిన్‌తోపాటు చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా పీల్చుకుంటుంది కనుక, మన రంగుకు కాలిన మచ్చలు పడే ప్రమాదం ఎక్కువ. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్‌ను మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది. అయితే హిమోగ్లోబిన్ కూడా తక్కువగానే పీల్చుకోవడం వల్ల శక్తిని పెంచవలసి వస్తుంది, ఆ పెంపులో చేయి తప్పితే గుంట మచ్చ మిగులుతుంది. అందుకే చర్మాన్ని చల్లబరుస్తూ, ముందు చెవి దగ్గర చిన్నచోట పరీక్షించి, కొన్ని వారాలు ఆగి చూస్తాను. ఏ యంత్రం వాడుతున్నారని వైద్యుణ్ణి అడగడానికి మొహమాటపడకండి.

అపోహ: ఒకసారి చేయించుకుంటే ఇక రావు.

వాస్తవం: సాధారణంగా నెల, నెలన్నర ఎడంతో రెండు నుంచి నాలుగు విడతలు పడతాయి. మూసుకున్న నాళం తిరిగి తెరుచుకోవడం అరుదే కానీ, కారణం అలాగే ఉంటే పక్కన కొత్తవి పుడతాయి. నేను చూసేవారిలో ఆ కారణం తరచుగా తెల్లబడటానికి పూసిన స్టెరాయిడ్ క్రీమే. ధర్మవరం నుంచి వచ్చిన ఒకామె అడుగు నుంచి చుట్టలా మడిచిన ట్యూబును సంచిలోంచి తీసి, "ఇది మానితే మొగం మంటెత్తుతాది సారూ" అన్నారు. ఆ మంట క్రీముకు అలవాటుపడిన చర్మానిది. మానిన తొలి వారాల్లో ఎరుపు మరింత పెరుగుతుంది, తగ్గడానికి నెలలు పట్టవచ్చు. అంతవరకు లేజర్ ముట్టించవద్దని చెప్పి పంపాను. 2018లో కేంద్రం ఇలాంటి పలు క్రీములను షెడ్యూల్ హెచ్‌లో, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో, చేర్చినా, వైద్యుడి చీటీ లేకుండానే అవి చేతికొస్తున్నాయి.

అపోహ: లేజర్ వల్ల క్యాన్సర్ వస్తుంది.

వాస్తవం: రాదు. ఇది ఎక్స్‌రే కాదు, అతినీలలోహిత కిరణమూ కాదు.

చికిత్స తర్వాత ఒకటి రెండు రోజులు వాపు ఉంటుంది, 595 నానోమీటర్ల యంత్రంతో అయితే కమిలిన ఊదారంగు వారం పైనే నిలవవచ్చు. కనుక పెళ్లి పది రోజుల్లో ఉందని వచ్చేవారికి, ఏప్రిల్, మే ఎండల్లో పొలం పని తప్పనివారికి నేను మొదలుపెట్టను.