టీవీకి అది ఫోనని తెలియదు

ఫోన్‌లోని ఇంటర్నెట్‌ను టీవీకి ఇవ్వాలంటే ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేస్తాం. టీవీ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌లోకి వెళ్తే, చుట్టుపక్కల వైఫైల జాబితాలో మన ఫోన్ పేరూ కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని, రిమోట్‌తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పాస్‌వర్డ్ కొడతాం. కాసేపటికి 'కనెక్టెడ్' అని వస్తుంది. మనం చేయాల్సింది ఇంతే, ఎవరైనా నిమిషంలో చెప్పేస్తారు. ఆ తర్వాత వచ్చే చిక్కులకే జవాబు చెప్పేవాళ్లు దొరకరు. ఒక్కోసారి ఫోన్ పేరు టీవీలో అసలు కనిపించదు. కనిపించి కలిసినా ఇంటర్నెట్ లేదంటుంది. అన్నీ కుదిరి సినిమా మొదలైతే, అది పూర్తయ్యేలోపే డేటా అయిపోయిందని మెసేజ్ వస్తుంది.

ఈ చిక్కుల్లో చాలావాటికి వేరు ఒకచోటే ఉంది. తనకు ఇంటర్నెట్ ఇస్తున్నది ఫోనని టీవీకి తెలియదు. దాని దృష్టిలో అది ఒక మూల స్థిరంగా కూర్చుని, కేబుల్ ద్వారా నెట్ తెచ్చుకుంటూ, రాత్రింబవళ్లు కరెంటు మీద నడిచే రౌటర్. అలాంటి రౌటర్‌ని ఎంత ధారాళంగా వాడుకుంటుందో ఫోన్‌నీ అంతే ధారాళంగా వాడుకుంటుంది.

హాట్‌స్పాట్ ఆన్ చేసిన క్షణం నుంచి ఫోన్ మీద మూడు పనులు పడతాయి. ఒకటి ఎప్పుడూ చేసేదే: మొబైల్ టవర్‌తో మాట్లాడటం. రెండోది కొత్తది: తానే ఒక వైఫై కేంద్రంగా మారి ఇతర పరికరాలను పిలవడం. మూడోది, ఆ రెండింటి మధ్య నిలబడి ఇటు సమాచారాన్ని అటూ, అటుది ఇటూ చేరవేయడం. టవర్‌తో మాట్లాడేది ఒక రేడియో, టీవీతో మాట్లాడేది ఇంకో రేడియో. రెండింటికీ ఫ్రీక్వెన్సీలు వేరు, పద్ధతులు వేరు.

ముందు పిలుపు సంగతి చూద్దాం. ఫోన్ తన పేరును సెకనుకు దాదాపు 10 సార్లు గాలిలోకి చాటుతుంది. టీవీ జాబితాలో మనకు కనిపించేది ఈ చాటింపే. ఆ పేరుకు వైఫై ప్రమాణం ఇచ్చిన చోటు 32 బైట్లు మాత్రమే. ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు చాలు. తెలుగులో అక్షరానికి 3 బైట్లు, దాని మీది గుణింతపు గుర్తుకు మరో 3 కావాలి. అంటే తెలుగులో పేరు పెట్టుకుంటే అక్షరాలూ గుర్తులూ కలిపి 10 దాటకూడదు. మన భాషలో పేరు చూసుకోవడం నాకూ ఇష్టమే. కానీ పేరులో ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ తప్ప ఇంకేమున్నా తడబడే టీవీలు ఉన్నాయి కాబట్టి, కనెక్షన్ కుదరనప్పుడు మొదట మార్చి చూడాల్సింది ఆ పేరునే.

పేరు అసలే కనిపించకపోతే కారణం సాధారణంగా బ్యాండ్, అంటే వైఫై వాడుకునే ఫ్రీక్వెన్సీల పట్టీ. వైఫై ముఖ్యంగా రెండు బ్యాండ్లలో నడుస్తుంది: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిదాని తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, రెండోదానిది సుమారు 6. చాలా పాత టీవీల్లో, చవక రకాల్లో 2.4 రేడియో ఒక్కటే ఉంటుంది. ఫోన్ 5లో ఎంత గట్టిగా పిలిచినా అలాంటి టీవీకి వినపడదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లోనే బ్యాండ్ మార్చుకోవచ్చు. ఐఫోన్ 12 నుంచి వచ్చిన మోడళ్లలో 'మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ' అనే మీట ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే హాట్‌స్పాట్ 2.4కి దిగుతుంది. టీవీకి రెండు బ్యాండ్లూ తెలిసి, ఫోన్ అదే గదిలో ఉంటే మాత్రం నేను 5నే ఎంచుకోమంటాను. 2.4 బ్యాండ్ కిక్కిరిసి ఉంటుంది. బ్లూటూత్ అందులోనే, పక్కింటి వైఫైలు అందులోనే, మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ దాదాపు అక్కడే, 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర.

పాస్‌వర్డ్ గురించి ఒక్క మాట. మనం టీవీలో కొట్టిన పాస్‌వర్డ్ గాలిలో ప్రయాణించదు. రెండు పరికరాలూ నాలుగు సందేశాలు ఇచ్చిపుచ్చుకుని, రహస్యం తమకు తెలుసని దాన్ని బయటపెట్టకుండానే ఒకదానికొకటి రుజువు చేసుకుంటాయి. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 భద్రతా పద్ధతిలో ఉన్న ఏర్పాటు ఇది. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఇంకా గట్టిది, కానీ అంతకుముందు తయారైన టీవీలకు అది అర్థం కాకపోవచ్చు. పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా తప్పంటుంటే ఫోన్‌లో భద్రతను డబ్ల్యూపీఏ2కి మార్చి చూడాలి.

గదిలో తరంగాలు ఎలా మసలుతాయన్నదాని వెనక నాకు చాలా ఇష్టమైన కథ ఒకటి ఉంది. ఫోన్ నుంచి బయలుదేరిన తరంగం నేరుగా టీవీని చేరుతుంది. గోడకు తగిలి ఇంకో ప్రతి, బీరువా తలుపుకు తగిలి మరో ప్రతి కాస్త ఆలస్యంగా వస్తాయి. ఖాళీ హాల్లో గట్టిగా మాట్లాడితే మాట మీద మాట పడి ముద్దయిపోయినట్టే ఇక్కడ బిట్ల మీద బిట్లు పడతాయి. ఎంత వేగంగా పంపితే అంత ముద్ద. జాన్ ఓ సల్లివన్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త 1970లలో వేరే వెతుకులాటలో ఉండేవాడు. చిన్న కృష్ణబిలాలు పేలిపోతే వాటి నుంచి క్షణంలో వెయ్యోవంతు కూడా నిలవని రేడియో మెరుపు రావాలని ఒక ఊహ ఉండేది. అంతరిక్షంలో చెదిరి, సాగిపోయి వచ్చే అలాంటి సంకేతాన్ని తిరిగి కూడదీసే గణితం మీద ఆయన పనిచేశాడు. పేలుడు దొరకలేదు, గణితం మాత్రం చేతిలో మిగిలింది. తర్వాత సీఎస్ఐఆర్ఓ అనే ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఆయనా ఆయన సహచరులూ గదిలోని ప్రతిధ్వనుల సమస్యను చేపట్టినప్పుడు ఆ అనుభవం అక్కరకొచ్చింది. సమాచారాన్ని ఒకే వేగవంతమైన ధారగా పంపకుండా, పక్కపక్కన సాగే అనేక నిదానపు పాయలుగా చీల్చి పంపడం వాళ్ల పరిష్కారంలో కీలకం. నిదానంగా నడిచే పాయలో కాస్త ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వని పెద్దగా చెడగొట్టలేదు. వాళ్లకు అమెరికా పేటెంట్ 1996లో వచ్చింది. ఇలా పాయలుగా చీల్చి పంపే పద్ధతి 1999లో వైఫై ప్రమాణంలోకి వచ్చింది. నేటి ఫోనూ టీవీ మాట్లాడుకునేది ఆ దారిలోనే.

ఇక మూడో పని. టీవీ కలవగానే ఫోన్ దానికి ఒక చిరునామా ఇస్తుంది. ఐఫోన్ అయితే అది 172.20.10తో మొదలవుతుంది, ఆండ్రాయిడ్ అయితే సాధారణంగా 192.168తో. ఇవి ఇంటి లోపల మాత్రమే చెల్లే చిరునామాలు. ఇంటర్నెట్ పాత పద్ధతిలో మొత్తం చిరునామాలు దాదాపు 429 కోట్లే. ప్రపంచంలోని పరికరాలకు అవి చాలవని ముందే గ్రహించి, ఒకే చిరునామా వెనక అనేక పరికరాలు దాక్కునే ఉపాయాన్ని 1994లో ప్రతిపాదించారు. ఫోన్ చేసేదీ అదే. టీవీ పంపిన ప్రతి అభ్యర్థన మీద టీవీ చిరునామా చెరిపి తనది రాసి పంపుతుంది. ఏది ఎవరి తరఫున పంపిందో ఒక పట్టికలో గుర్తుపెట్టుకుని, జవాబు రాగానే టీవీకి అందిస్తుంది. అవతలి సర్వర్‌కు టీవీ కనపడదు, ఫోనే కనపడుతుంది.

అలాగని మొబైల్ కంపెనీకి కూడా తెలియదనుకోకూడదు. ఇంటర్నెట్‌లో సమాచారం ప్యాకెట్లనే చిన్న మూటలుగా తిరుగుతుంది, ప్రతి ప్యాకెట్ మీదా ఒక అంకె ఉంటుంది. ప్యాకెట్ దారి తప్పి ఎప్పటికీ తిరుగుతూ ఉండిపోకుండా, ఒక్కో మజిలీ దాటినప్పుడల్లా ఆ అంకె 1 తగ్గుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ సొంతంగా పంపే ప్యాకెట్ మీద 64 ఉంటుంది. టీవీ కూడా 64తో పంపిందనుకుంటే, మధ్యలో ఫోన్ ఒక మజిలీ కాబట్టి బయటికొచ్చేసరికి 63 అవుతుంది. ఆ 63 ని చూసి హాట్‌స్పాట్ వాడకాన్ని పసిగట్టవచ్చు. హాట్‌స్పాట్‌కు విడిగా పరిమితి పెట్టే ప్లాన్లు ఉన్నాయి కాబట్టి మన ప్లాన్‌లో ఏముందో ముందే చూసుకోవడం మంచిది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. డేటా ఎందుకంత త్వరగా ఆవిరైపోతుంది? ఫుల్ హెచ్‌డీ బొమ్మలో 20,73,600 చుక్కలుంటాయి. ఒక్కో చుక్క రంగుకు 24 బిట్లు, సెకనుకు 30 బొమ్మలు అనుకుంటే సెకనుకు 149 కోట్ల బిట్లు. ఉన్నదున్నట్టు పంపడం మామూలుగా మొబైల్ నెట్ వల్ల కాదు. అందుకే వీడియోను కుదిస్తారు. బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య మారినదాన్నే పంపుతారు, కంటికి ఆనని వివరాన్ని వదిలేస్తారు. అలా సెకనుకు 50 లక్షల బిట్లకు, అంటే దాదాపు 300వ వంతుకు దింపినా గంటకు 2.25 జీబీ అవుతుంది. 4కే చిత్రం సెకనుకు కోటిన్నర బిట్లు తీసుకుంటే గంటకు 6.75 జీబీ. అదే 480 గీతల చిత్రం సెకనుకు 15 లక్షల బిట్లతో సరిపెట్టుకుంటే గంటకు 675 ఎంబీ మాత్రమే.

వీటిలో దేన్ని తీసుకోవాలో టీవీలోని యాప్ నిర్ణయిస్తుంది. సినిమాను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ నాలుగైదు నాణ్యతల్లో సర్వర్లో సిద్ధంగా ఉంచుతారు. ఒక ముక్క ఎంత వేగంగా వచ్చిందో కొలిచి, తర్వాతి ముక్క ఏ నాణ్యతలో అడగాలో యాప్ తేల్చుకుంటుంది. అది కొలిచేది వేగాన్నే. డేటా లెక్క దానికి పట్టదు. ఇదే సినిమా ఫోన్‌లో చూస్తుంటే యాప్‌కు మొబైల్ డేటా వాడుతున్నామని తెలుసు, కాబట్టి పొదుపు పాటించగలదు. తెర కూడా చిన్నది. టీవీకి వచ్చేసరికి కనిపించేది వైఫై, పైగా తెర పెద్దది. 5జీ సిగ్నల్ బాగుంటే అది సంతోషంగా 4కేకు ఎగబాకుతుంది. నెట్ ఎంత బాగుంటే డేటా అంత త్వరగా ఖర్చవుతుంది!

ఫోన్లు ఈ విషయాన్ని చెప్పే ప్రయత్నం చేయకపోలేదు. ఆండ్రాయిడ్ ఫోన్ హాట్‌స్పాట్ చిరునామా ఇచ్చేటప్పుడే, ఇది లెక్కగట్టి ఖర్చుపెట్టాల్సిన డేటా అని ఒక చిన్న గుర్తును జతచేస్తుంది. చదవడం తెలిసిన పరికరాలు దాన్ని గౌరవిస్తాయి. తెలియని టీవీకి అది అర్థం లేని మాట. అందుకే ఆ పని మనమే చేయాలి. ఈ వ్యాసంలో ఒక్క సలహానే గుర్తుంచుకోవాలంటే ఇదే చెబుతాను: సినిమా మొదలెట్టే ముందే టీవీ యాప్‌లో నాణ్యతను 'ఆటో' నుంచి తప్పించి, 480కో 720కో బిగించండి. టీవీ సాఫ్ట్‌వేర్ తనంతట తాను అప్‌డేట్ కావడాన్ని ఆపండి, ఎందుకంటే ఒక్క అప్‌డేట్ కూడా చాలా డేటా మింగవచ్చు. జాబితాలో బొమ్మ మీద ఆగగానే ఆడే ట్రైలర్లనూ ఆపేయండి.

ఫోన్‌ని ఎక్కడ పెట్టాలి? చాలామంది టీవీ పక్కనే పెడతారు, దగ్గరుంటే బాగా అందుతుందని. అది సరికాదు. ఫోన్‌కు రెండు దూరాలున్నాయి. టీవీ నాలుగడుగుల్లో ఉంది, టవర్ ఎంతో దూరంలో ఉంది. బలహీనమైన లంకె టవర్ వైపుది. 4జీలో టవర్ తన సామర్థ్యాన్ని సెకనులో వెయ్యోవంతు చొప్పున ముక్కలు చేసి, ఆ ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ పంచుతుంది. సిగ్నల్ బాగున్న ఫోన్ ఒక్కో ముక్కలో ఎక్కువ బిట్లు ఇరికించుకోగలదు, సిగ్నల్ నీరసంగా ఉన్నది అదే ముక్కలో కొన్నే తెచ్చుకుంటుంది. కాబట్టి ఫోన్‌ని కిటికీ దగ్గర, టవర్ సిగ్నల్ బాగా వచ్చే చోట పెట్టండి. అదే గదిలో ఉన్నంతవరకు వైఫై ఇబ్బంది పడదు. టీవీ వెనక మాత్రం వద్దు, అక్కడి లోహపు రేకు తరంగాలకు అడ్డు.

రెండు రేడియోలూ ఆపకుండా పనిచేస్తుంటే ఫోన్ వేడెక్కుతుంది. ఛార్జింగ్ కూడా పెడితే ఇంకా. వేడి హద్దు దాటితే ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, సినిమా మధ్యలో చిత్రం మసకబారడానికి ఇదీ ఒక కారణం. కవర్ తీసి, ఎండ తగలని గట్టి బల్ల మీద పెట్టాలి. దిండు మీదా, దుప్పటి కిందా పెట్టకూడదు.

మిగిలిన చిక్కుల్లో ఒకటి చెప్పి తీరాలి, దాన్ని ఎవరూ అనుమానించరు కాబట్టి. టీవీ 'కనెక్టెడ్' అంటుంది, యాప్ మాత్రం తెరుచుకోదు. అప్పుడు టీవీలో తేదీ చూడండి. సురక్షిత సైట్ ప్రతిదీ తన గుర్తింపు పత్రాన్ని చూపిస్తుంది, దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని రాసి ఉంటుంది. కరెంటు పోయి టీవీ గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లిపోయి ఉంటే, నేటి పత్రాలన్నీ ఇంకా పుట్టనివిగా కనిపిస్తాయి. టీవీ వాటిని నమ్మదు. తేదీ సరిచేయగానే అన్నీ తెరుచుకుంటాయి. నెల రోజులుగా విసిగిస్తున్న టీవీ ఈ ఒక్క మార్పుతో బాగుపడటం నేను చూశాను.

ఫోన్ జేబులో వేసుకుని ఎవరైనా బయటికి వెళ్లారనుకోండి. టీవీ వెంటనే ఆగదు. ముందుగా తెచ్చిపెట్టుకున్న ముక్కలు అయిపోయేదాకా సినిమా మామూలుగానే నడుస్తుంది. గుమ్మం దాటి, మెట్లు దిగి, వీధి మలుపు తిరిగేసరికి తెర మీద ఆ గుండ్రటి చక్రం తిరగడం మొదలవుతుంది. టీవీ మాత్రం రౌటర్ ఎటు పోయిందా అని మళ్లీ మళ్లీ ఆ పేరు కోసం వింటూనే ఉంటుంది. ఫోన్ తిరిగొచ్చి, హాట్‌స్పాట్ ఆన్‌లోనే ఉంటే తనంతట తానే కలిసిపోతుంది. ఈలోగా ఏ పరికరమూ కలిసి లేదని హాట్‌స్పాట్ దానంతటదే ఆరిపోయి ఉంటే, దాన్ని ఇంకోసారి ఆన్ చేయాలి.