నాకిష్టమైన సినిమాలు, ఎందుకిష్టమో కూడా

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో "అమ్మమ్మా, నీ ఫేవరెట్ సినిమా ఏంటి, ఎందుకిష్టం?" అని అడిగారు కదా. ఏదో వెంటనే చెప్పేశాను, మాయాబజార్ అని. ఎందుకో చెప్పబోయేలోపు మీకు ట్యూషన్ టైమ్ అయిపోయింది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే, తీరిగ్గా చదవండి.

మాయాబజార్ 1957 మార్చిలో వచ్చింది. విజయా వాళ్ల సినిమా, నాగిరెడ్డి, చక్రపాణి గార్లు తీయించారు, దర్శకుడు కె.వి.రెడ్డి గారు. ఆ పేరు చెప్తే ఎవరైనా ముందు ఘటోత్కచుడి పెళ్లి భోజనం గురించే మాట్లాడతారు, లడ్డూలు వాటంతటవే లేచి ఎస్.వి.రంగారావు గారి నోట్లోకి పోవడం, ఆయన బొజ్జ నిమురుకుంటూ నవ్వడం. చిన్నప్పుడు నాకూ అదే ఇష్టం, మీకూ ముందు అదే నచ్చుతుంది, నచ్చాలి కూడా. కానీ నాకు పెళ్లై, పిల్లలు పుట్టి, చుట్టాల రాకపోకలు, పెట్టుపోతలు అన్నీ చూశాక మళ్లీ ఆ సినిమా చూస్తే మాయలన్నీ పక్కకి పోయి సుభద్ర కనిపించింది.

కథ గుర్తుందా? బలరాముడి కూతురు శశిరేఖని సుభద్ర కొడుకు అభిమన్యుడికిస్తామని చిన్నప్పుడే అనుకున్నారు. పిల్లలిద్దరూ అదే మాట మీద పెరిగారు. ఈలోగా పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకున్నారు. అంతే, ద్వారకలో గాలి మారిపోయింది. సుభద్ర కొడుకుని తీసుకుని పుట్టింటికి వస్తే, వదినగారు రేవతి మాట మారింది, చూపు మారింది. సొంత అన్న బలరాముడు కూడా, మంచివాడే కానీ చెప్పుడు మాటలు వినే మనిషి, ఇచ్చిన మాట పక్కనపెట్టి పిల్లని దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి ఖాయం చేసేశాడు. ఆడపడుచుకి సిరి ఉన్నప్పుడు ఒక మర్యాద, పోగొట్టుకున్నప్పుడు ఒక మర్యాద. కిరీటాలు, నగలు తీసేసి చూడండి, ఇలాంటి ఇల్లు మన చుట్టాల్లోనే రెండు మూడు చూపిస్తాను మీకు. దేవుళ్ల కథ అని చెప్పి మన ఇంటి సంగతి చెప్పారు వాళ్లు. నాకు ఆ సినిమా మీద ప్రేమ అందుకే. ఇంకో సంగతి, కథంతా పాండవుల కష్టం చుట్టూనే తిరుగుతుంది, కానీ అయిదుగురిలో ఒక్కరు కూడా తెర మీద కనిపించరు. వాళ్ల కష్టం మొత్తం ఇంటి ఆడపిల్లకి జరిగిన అవమానంలోనే చూపించేశారు. ఎంత ధైర్యం ఉంటే అలా రాస్తారో ఆలోచించండి.

రాసింది పింగళి నాగేంద్రరావు గారు, మాటలూ పాటలూ ఆయనవే. "ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయి" అని ఘటోత్కచుడి చేత అనిపించి, అసమదీయులు అంటే మనవాళ్లు, తసమదీయులు అంటే అవతలివాళ్లు, తల్పానికి జతగా గిల్పం, కంబళికి జతగా గింబళి పుట్టించారు. మీ తాతయ్య ఇప్పటికీ తన వైపు చుట్టాల్ని అసమదీయులు అంటారు, మీరు విన్నదే.

ఇక సావిత్రి. ఈ ఒక్కటి మాత్రం ఫోన్ పక్కన పెట్టి చూడండి, నా కోసం. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ద్వారకకి వస్తాడు కదా, అంటే సావిత్రి గారు, ఆడపిల్లలా కనిపిస్తున్న రాక్షసుడిలా నటించాలి. "అహ నా పెళ్ళియంట" పాటలో ఉన్నట్టుండి సుశీల గారి గొంతు ఆగి ఘంటసాల గారి మగగొంతు వస్తుంది. ఆ క్షణంలో ఆవిడ భుజాలు చూడండి. అప్పటిదాకా ఒద్దికగా ఉన్న భుజాలు వెడల్పవుతాయి, మెడ బిగుస్తుంది, లేని మీసం మీదకి చెయ్యి పోతుంది, కళ్లలోకి రంగారావు గారు వచ్చేస్తారు. మళ్లీ రెప్పపాటులో సిగ్గుపడే పెళ్లికూతురు. గ్రాఫిక్స్ లేవు, కట్ చేసి అతికించిందీ కాదు, అదంతా ఒళ్లు చేసిన పని. అప్పటికి ఆవిడకి పాతికేళ్లు కూడా లేవు.

అదే కంపెనీ, దాదాపు అదే నటులు, రెండేళ్ల ముందు 1955లో మిస్సమ్మ తీశారు, దర్శకత్వం ఎల్.వి.ప్రసాద్ గారిది. అందులో మేరీకీ, ఎం.టి.రావుకీ చదువులున్నాయి, ఉద్యోగాలు లేవు. అప్పాపురం స్కూల్లో టీచర్లుగా భార్యాభర్తలే కావాలన్నారని ఇద్దరూ మొగుడూ పెళ్లాల్లా నటిస్తూ ఉద్యోగంలో చేరతారు. కామెడీయే, మీరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు, దేవయ్య వేషంలో రేలంగి గారు డబ్బుని "తైలం" అంటుంటే మరీనూ. కానీ ఆ నవ్వంతా ఉద్యోగం పోతే ఏంటి గతి అన్న భయం మీద నడుస్తుంది. మేరీకి తీర్చాల్సిన అప్పుంది, అప్పిచ్చినవాడు పెళ్లి చేసుకోమని మీద పడుతున్నాడు, ఆ విసురూ ఆ కోపమూ అందుకే. డిగ్రీ చేతికొచ్చి రెజ్యూమెలు పంపుకుంటున్న మీ అక్కకి ఈ సినిమా మీకంటే ఎక్కువ అర్థమవుతుంది. మేరీ వేషం ముందు భానుమతి గారిది, మధ్యలో మారి సావిత్రి గారికి వచ్చింది. దేవదాసుగా ఊరూవాడా ఏడిపించిన నాగేశ్వరరావు గారు ఇందులో డిటెక్టివ్ రాజుగా నవ్వించే వేషం వేశారు. పెద్ద హీరో అయి ఉండి అది ఒప్పుకోవడం నాకెంత నచ్చిందో చెప్పలేను.

మూడోది సాగర సంగమం, 1983, కె.విశ్వనాథ్ గారిది, సంగీతం ఇళయరాజా. ఇది నవ్వుకోవడానికి కాదు. కమల్ హాసన్ వేసిన బాలు నాట్యమే ప్రాణమైన కుర్రాడు, అతని తల్లి పెళ్లిళ్లలో వంట చేసుకుని బతికే మనిషి. ఒక గొప్పింటి పెళ్లిలో ముందు హాల్లో కచేరీ డ్యాన్స్ జరుగుతుంటే, వెనక వంటల దగ్గర ఈ కుర్రాడు గిన్నెల మధ్య తన కోసం తనే ఆడుకుంటాడు. కళ ఉంది, నిలబడ్డానికి చోటు లేదు, అది ఒక్క సీన్‌లో చూపించారు. తర్వాత అతని నాట్యాన్ని మెచ్చిన మాధవి అతని చేతికి ఢిల్లీ నృత్యోత్సవం పుస్తకం ఇస్తుంది. పెద్ద పెద్ద నాట్యకారుల ఫోటోలు ఒక్కొక్కటీ చూసి మురిసిపోతూ పేజీలు తిప్పుతుంటాడు, తిప్పుతూ తిప్పుతూ ఒక పేజీ దగ్గర తన ఫోటో. అక్కడ కమల్ హాసన్ ముఖం నవ్వో ఏడుపో తేలదు. ఆ సీన్ ఎప్పుడు టీవీలో వచ్చినా చేతిలో పని ఆపేసి నిలబడిపోతాను. ఆ తర్వాత తల్లి పోవడంతో ఆ వేదిక అతనికి దక్కదు. దక్కనివాడి కథని ఇంత గౌరవంగా చెప్పిన సినిమా నేను ఇంకోటి చూడలేదు.

ఈ మూడింట్లోనూ బలరాముడి దగ్గర్నుంచి దేవయ్య దాకా ఎవర్నీ పురుగులా చూడరు. డబ్బు లేనివాడి అవసరాన్ని, తెలివి తక్కువవాడి అమాయకత్వాన్ని, ఓడిపోయినవాడి తాగుడుని కూడా దగ్గరగా కూర్చుని చూశారు. ఇప్పటి సినిమాల్లోనూ అలాంటివి ఉన్నాయి, ఉన్నప్పుడు నేనూ హాలుకి పరిగెత్తుతాను. హీరో ఒకడు నిలబడ్డం కోసం మిగతా అందర్నీ వెధవల్ని చేసేస్తే మాత్రం నాకు ఎక్కదు.

సరే, చూడ్డం ఎలా అంటే, ముందు మిస్సమ్మ పెట్టుకోండి, తర్వాత మాయాబజార్. సాగర సంగమం ఇంకో రెండేళ్లు ఆగి చూసినా ఫరవాలేదు. మొదటి అరగంట నెమ్మదిగా ఉన్నట్టు అనిపిస్తుంది, ముందుకి జరపకండి. మాయాబజార్‌కి 2010లో రంగులు వేసి మళ్లీ విడుదల చేశారు, మీకు అది దొరికినా సరే పక్కన పెట్టి నలుపు తెలుపులోనే చూడండి. కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లీ గారు లైట్లు పెట్టిందే ఆ రెంటికీ. "లాహిరి లాహిరి"లో ఆ వెన్నెల రంగుల్లో రాదు.

మీ అమ్మమ్మ