రెండు తెరలు, ఒక గట్టు

విజయనగరం

చిరంజీవులు బాబుకూ బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ నాయనమ్మా కులాసా. నాన్న తన పాత మానిటర్‌ను మీ ల్యాప్‌టాప్ పక్కన పెట్టి ఇచ్చాడనీ, పాయింటర్ ఒక తెర నుంచి ఇంకో తెరకు వెళ్లబోయి మధ్యలో ఆగిపోతోందనీ మొన్న ఫోనులో చెప్పారు. ‘అది పాడైపోయింది తాతయ్యా’ అని బుజ్జి తీర్పు కూడా ఇచ్చేసింది. పాడవలేదమ్మా. అది గట్టు తగాదా. 30 ఏళ్లు సర్వే శాఖలో గొలుసు పట్టుకుని పొలాల వెంట తిరిగినవాడిని, గట్టు తగాదా ఎక్కడున్నా నాకు ఇట్టే తెలిసిపోతుంది.

తనకు రెండు తెరలు తగిలించారని కంప్యూటర్‌కు తెలుసు. ఏది ఎడమన ఉందో, ఏది కుడివైపు ఉందో మాత్రం తెలియదు. దానికి కళ్లు లేవు కదా! తనకు తోచిన పటం ఒకటి గీసుకుని దాని ప్రకారం నడుస్తుంది. ఆ పటం మీరు చూడవచ్చు. డెస్క్‌టాప్ మీద ఖాళీచోట మౌస్ కుడి మీట నొక్కి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవండి. 1, 2 అని అంకెలు వేసిన రెండు పెట్టెలు కనిపిస్తాయి. వాటిని సర్వే నంబర్లు అనుకోండి. ఏ అంకె ఏ తెరదో తేలకపోతే ఐడెంటిఫై అన్న బటన్ నొక్కండి, తెరల మీదే అంకెలు పడతాయి. బల్ల మీద తెరలు ఎలా ఉన్నాయో ఆ పెట్టెలను అలాగే జరిపి అప్లై నొక్కితే సగం గొడవ తీరిపోతుంది.

మిగిలిన సగం దగ్గరే నేను రెండు రోజులు తల పట్టుకున్నాను. నేనూ నా ల్యాప్‌టాప్ పక్కన ఒక పాత మానిటర్ పెట్టుకున్నాను. అది ల్యాప్‌టాప్ తెరకంటే పెద్దది. పటంలో చూస్తే చిన్నది! తర్వాత అర్థమైంది, కంప్యూటర్ అంగుళాలు కొలవదు, తెర మీది చుక్కలు (పిక్సెళ్లు) లెక్కపెడుతుంది. ల్యాప్‌టాప్ తెర ఎత్తు 1080 చుక్కలు, నా పాత మానిటర్‌ది 768. అంటే రెండు పొలాలకూ కలిసిన గట్టు 768 చుక్కలే. మిగిలిన 312 చుక్కల పొడవునా అవతల పొలమే లేదు. పాయింటర్ అక్కడికి వెళితే గోడకు కొట్టుకున్నట్టు ఆగక ఏం చేస్తుంది? మాకు గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. ఒక పొలం పటంలో గట్టు 120 లింకులనీ, పక్క పొలం పటంలో అదే గట్టు 100 లింకులనీ పడితే ఆ 20 లింకుల దగ్గరే కర్రలు లేచేవి. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది అదే, కర్రలు లేవు అంతే.

పెట్టెల కింది అంచులు కలిపి పెట్టండి. మనం పాయింటర్‌ను ఎక్కువగా అడుగుభాగంలోనే అటూ ఇటూ తిప్పుతాం కాబట్టి మిగిలిన గోడ పైకి పోతుంది, కాళ్లకు అడ్డం రాదు. విండోస్ 11లో అయితే తెరల మధ్య పాయింటర్ సులువుగా దాటేలా చేసే గడి ఒకటి అక్కడే ఉంది. దానికి టిక్కు పెడితే గోడ దగ్గర కూడా దూకేస్తుంది. నాకు మాత్రం పటం సరిచేశాకే ఆ గడి ముట్టుకోవాలనిపించింది. తప్పు పటం మీద వంతెన కట్టడం మా శాఖలో నేర్పలేదు.

ఏది పెద్ద తెర, ఏది పక్క తెర అన్నది కూడా అక్కడే తేల్చాలి. మీరు ఎదురుగా కూర్చునే తెరను ఎంచుకుని, అదే ప్రధాన తెర అని టిక్కు పెట్టండి. సందేశాలు వచ్చినప్పుడు అవి తొంగిచూసేది ఆ తెర మీదే. అడుగున ఉండే టాస్క్‌బార్‌ను రెండు తెరల మీదా చూపించే సదుపాయం విండోస్ 8తో, 2012లో వచ్చింది. ఏ తెర మీద ఉన్న కిటికీకి (విండోకు) ఆ తెర కిందే బొత్తాం కనిపించేలా పెట్టుకోండి. అన్నీ రెండుచోట్లా కనిపించడం నాకు చికాకు.

కొత్తగా తెరిచిన ప్రోగ్రాం ఎక్కడ వాలుతుందని బాబు అడిగాడు. చాలా ప్రోగ్రాంలు పోయినసారి ఎక్కడ మూశామో అక్కడే మళ్లీ తెరుచుకుంటాయి. కావలసిన తెర మీదకు లాగి, అక్కడే మూయండి. నేర్చుకుంటుంది.

ఈ జ్ఞాపకమే ఒక్కోసారి తంటా తెస్తుంది. మానిటర్ బటన్ ఆపేశానని మరచిపోయి, సర్వే పటం తెరిస్తే రావడం లేదని ఒక మధ్యాహ్నమంతా వెతికాను. అది ఆరిపోయిన తెర మీద హాయిగా తెరుచుకుని ఉంది. ఇలాంటప్పుడు ఆల్ట్, ట్యాబ్ మీటలతో ఆ ప్రోగ్రాంను ఎంచుకుని, విండోస్ మీట, షిఫ్ట్ కలిపి పట్టుకుని ఎడమ బాణమో కుడి బాణమో నొక్కండి. కిటికీ ఈ తెర మీదకు వచ్చి పడుతుంది. నాయనమ్మ కళ్లజోడుకూ ఇలాంటి మీట ఒకటి ఉంటే బాగుండేది.

ఇంకొకటి. మన ఊరి సంగీత కళాశాల 1919లో మొదలైంది. దానికి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. చేతులతో, కాళ్లతో, తలతో ఒకేసారి ఐదు తాళాలు నడిపించేవారని మా పెద్దలు చెప్పుకునేవారు. కంప్యూటర్‌కు ఆ విద్య లేదు. తెరలు ఎన్ని ఉన్నా టైపు చేసిన అక్షరాలు ఒక్క కిటికీకే, చివరగా నొక్కినదానికే వెళతాయి. కుడి తెర వైపు చూస్తూ ఎడమ తెరలో రాసేసిన ఘనత నాకుంది. సర్వే లెక్కలు పోయి మీ నాన్నకు రాస్తున్న ఈమెయిల్లో కూర్చున్నాయి. టైపు చేసే ముందు ఆ కిటికీలో ఒకసారి నొక్కండి.

బుజ్జీ, బడిలో ప్రొజెక్టర్‌కు తగిలించేటప్పుడు విండోస్ మీటతో పీ నొక్కు. డూప్లికేట్ ఎంచుకుంటే నీకు కనిపించేదంతా గోడ మీద కనిపిస్తుంది. ఎక్స్‌టెండ్ అయితే గోడ వేరే తెర, నువ్వు అటు లాగినదే అక్కడ కనిపిస్తుంది. విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో నేను మొదటిది పెట్టి, ఫొటో కోసం వాట్సాప్ తెరిచాను. వచ్చేటప్పుడు కాకరకాయలు, అరకిలో పచ్చిమిర్చి తెమ్మని నాయనమ్మ పెట్టిన సందేశం హాలంతా చదివింది. వెనక వరసలోంచి ఒకాయన ‘మిర్చి గంటస్తంభం దగ్గర చవక’ అని సలహా కూడా ఇచ్చాడు.

పిన్ని దగ్గరున్న మ్యాక్‌లో పద్ధతి కాస్త వేరు. 2013లో మావెరిక్స్ అనే మ్యాక్ సిస్టమ్ వచ్చినప్పటి నుంచి ఒక్కో తెరకు సొంత డెస్క్‌టాప్ వరస పెట్టుకోవచ్చు. అలా పెట్టుకుంటే ఒక కిటికీని రెండు తెరల మీదకూ చాచడం కుదరదు. అక్కడికి వెళ్లినప్పుడు కంగారుపడి దాన్ని కూడా పాడైందనకండి.

నా మానిటర్ తీగ దగ్గర వదులైంది, కదిలితే తెర ఆరిపోతోంది. దసరా తర్వాత మంగళవారం సిరిమాను ఉత్సవం చూడటానికి వస్తారుగా, ఆరడుగుల హెచ్‌డీఎంఐ తీగ ఒకటి తీసుకురమ్మని నాన్నకు చెప్పండి. పొట్టిది వద్దు, బల్ల వెనక నుంచి అందదు.

ఇట్లు
మీ తాతయ్య