తిరిగొచ్చిన నాన్న: ఆంగెలోపులోస్ సినిమాల వెనక చరిత్ర

గ్రీకు దర్శకుడు థియో ఆంగెలోపులోస్ 2012 జనవరి 24న చనిపోయారు. పిరయస్ రేవు దగ్గర షూటింగ్ జరుగుతుండగా రోడ్డు దాటుతుంటే మోటార్‌సైకిల్ గుద్దింది. అప్పటికి ఆయనకు 76 ఏళ్లు. ఆయన సినిమాలు మరీ నిదానమని, చూడటానికి ఓపిక కావాలని అంటారు. నిజమే. కానీ ఆ నిదానంలో ఉన్నది ఎదురుచూపు. అది 1944 డిసెంబర్‌లో మొదలైంది.

జర్మన్ సైన్యం ఏథెన్స్ వదిలి రెండు నెలలు కూడా కాలేదు. జర్మన్లతో పోరాడిన వామపక్ష గెరిల్లాలకూ, బ్రిటిష్ అండ ఉన్న ప్రభుత్వానికీ మధ్య వీధుల్లోనే యుద్ధం మొదలైంది. దుకాణం నడుపుకునే స్పిరోస్‌ను వామపక్షం వాళ్లు పట్టుకెళ్లారు. కొడుకు థియోకి తొమ్మిదేళ్లు. తల్లితో కలిసి శవాల మధ్య నాన్న కోసం వెతికాడు. కొన్నాళ్లకు ఆ నాన్న ప్రాణాలతో తిరిగొచ్చాడు.

అయినా ఆ పిల్లవాడు పెద్దయ్యాక వామపక్షం వైపే నిలబడ్డాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే. చదువుకోవడానికి వెళ్తే పారిస్ ఫిల్మ్ స్కూల్ ఆయన్ని బయటికి పంపేసింది. ఏథెన్స్‌కి వచ్చి ఒక వామపక్ష పత్రికలో సినిమా సమీక్షలు రాశారు. 1967లో సైనిక ప్రభుత్వం దాన్ని మూయించింది. 1974లో, ఇంకా సైనిక పాలన ఉండగానే, ‘ది ట్రావెలింగ్ ప్లేయర్స్’ తీయడం మొదలుపెట్టారు. ఊరూరా తిరిగే నాటక బృందం కళ్లతో 1939 నుంచి 1952 దాకా గ్రీస్ కథ. దాదాపు నాలుగు గంటల సినిమాలో షాట్లు ఎనభై వరకే.

1998లో ‘ఎటర్నిటీ అండ్ ఎ డే’కి కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గోల్డెన్ పామ్ వచ్చింది. నన్ను మాత్రం ఆయన పాత్రల పేర్లు వదలవు. ‘ల్యాండ్‌స్కేప్ ఇన్ ద మిస్ట్’లో తండ్రిని వెతుక్కుంటూ వెళ్లే పాప పేరు వూలా. చిన్నప్పుడే చనిపోయిన ఆయన చెల్లెలి పేరూ అదే.

1984 నాటి ‘వాయేజ్ టు సిథెరా’లో ముసలాయన పేరు స్పిరోస్. 1949లో ముగిసిన గ్రీస్ అంతర్యుద్ధంలో ఓడిన వామపక్షం వాళ్లు వేలమంది సోవియట్ యూనియన్‌కూ, తూర్పు యూరప్‌కూ వెళ్లిపోయారు. వాళ్లు తిరిగి రావడానికి 1982లో గ్రీస్ ప్రభుత్వం దారి తెరిచింది. ఈ స్పిరోస్ 32 ఏళ్ల తర్వాత వస్తాడు. వచ్చేసరికి ఊరివాళ్లు భూములు కంపెనీకి అమ్మేస్తున్నారు. ఆయన సంతకం పెట్టడు. చివరికి పోలీసులు ఆయన్ని ఒక తెప్ప మీద, ఏ దేశానికీ చెందని సముద్రంలో వదిలేస్తారు. ఇన్నేళ్లూ ఎదురుచూసిన భార్య కతెరీనా తననూ అక్కడికే చేర్చమంటుంది. తెల్లవారుజామున ఇద్దరూ ఆ తెప్ప మీద నిలబడి దూరంగా వెళ్లిపోతారు.